నోడ్ 12, 16, 22 మూడింటిలోనూ ఒకే హెచ్‌టీటీపీ కోడ్ నడవాలి, ఏ దారి మంచిది?

పాలకేంద్రం_డెవ్

నమస్తే అందరికీ. రెండు వారాలుగా ఇదే పని మీద ఉన్నాను. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది పాల సేకరణ కేంద్రాలకి సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ. రైతు పొద్దున్నే పాలు పోయగానే ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, డబ్బు ఎంత అని తెలుగులో ఎస్ఎంఎస్ వెళ్లాలి. ఆ మెసేజ్ పంపడం, లెక్కలు సెంట్రల్ సర్వర్‌కి చేర్చడం, రెండూ ఒకే చిన్న ప్యాకేజీ చూసుకుంటుంది. ఆ ప్యాకేజీని మూడు చోట్ల వాడతాం, మూడు చోట్లా మూడు నోడ్ (జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపే ప్రోగ్రామ్) వెర్షన్లు.

కేంద్రాల్లో ఉన్న కంప్యూటర్లు చాలావరకు విండోస్ 7. నోడ్ 14 నుంచి విండోస్ 7కి సపోర్ట్ తీసేశారు కాబట్టి అక్కడ 12 మీదే ఉన్నాం. క్లయింట్ ఆఫీసులో సెంట్‌ఓఎస్ 7 సర్వర్ ఒకటుంది, నోడ్ 18కి జీలిబ్‌సీ (లినక్స్‌లో ఉండే మూల లైబ్రరీ) 2.28 కావాలి, అందులో ఉన్నది 2.17, అందుకే అక్కడ 16 దగ్గర ఆగిపోయాం. మేం కొత్తగా పెట్టిన క్లౌడ్ సర్వర్‌లో 22. అన్నీ అప్‌గ్రేడ్ చేసేయండి అని మాత్రం చెప్పొద్దు, కేంద్రంలో కంప్యూటర్ మార్చడం నా చేతిలో లేదు, అడగాల్సిన వాళ్లని అడుగుతూనే ఉన్నాం.

ఇప్పటిదాకా హెచ్‌టీటీపీ కాల్స్ పంపే 'రిక్వెస్ట్' అనే ప్యాకేజీతో నడిపించాం. 2020 ఫిబ్రవరిలోనే దాన్ని డిప్రికేట్ చేశారు, నడుస్తోంది కదా అని వదిలేశాం, ఈ మధ్య క్లయింట్ వాళ్ల సెక్యూరిటీ ఆడిట్‌లో అది బయటపడి తీసేయాల్సి వచ్చింది. దాని బదులు నోడ్-ఫెచ్ ఇన్‌స్టాల్ చేస్తే మూడో వెర్షన్ వచ్చింది, అది ఈఎస్ మాడ్యూల్ (ఇంపోర్ట్‌తో తెచ్చుకునే కొత్త పద్ధతి) మాత్రమే, మా ప్యాకేజీ అంతా రిక్వైర్ అనే పాత పద్ధతిలో రాసింది. 12లో, 16లో లోడ్ అవ్వగానే ఎర్రర్. 22లో లోడ్ అవుతోంది, ఎందుకంటే 22.12 నుంచి ఈఎస్ మాడ్యూల్‌ని కూడా రిక్వైర్ చేయనిస్తున్నారు, కానీ అక్కడ ఫంక్షన్ నేరుగా చేతికి రాకుండా 'డిఫాల్ట్' లోపల వస్తోంది.

సరే అని ఇలా రాశాను: గ్లోబల్‌లో ఫెచ్ (నోడ్‌లోనే ఉండే హెచ్‌టీటీపీ ఫంక్షన్) ఉంటే అది వాడు, లేకపోతే నోడ్-ఫెచ్ రెండో వెర్షన్ వాడు. రెండు లైన్లు, చూడ్డానికి బాగానే ఉంది. అయితే 12లో, 16లో 10 సెకన్లకి టైమౌట్ అయ్యే కాల్ 22లో ఐదు నిమిషాలు వేలాడుతోంది. రోజు చివర సీఎస్‌వీ ఫైల్ అప్‌లోడ్ చేసే కాల్‌లో అవతలి సర్వర్‌కి ఫైల్ బదులు 'ఆబ్జెక్ట్ ఫామ్‌డేటా' అనే అక్షరాలు వెళ్తున్నాయి. దీనికి తోడు మా టీమ్‌లో ఒకమ్మాయి ల్యాప్‌టాప్‌లో నోడ్ 18 ఉంది, ఆమె మెషీన్‌లో లోకల్‌హోస్ట్‌లో (అదే మెషీన్‌లో) ఉన్న తూకం సర్వీస్‌కి కనెక్షనే దొరకట్లేదు, నా 22లో, ఆఫీసు 16లో అదే కోడ్ చక్కగా నడుస్తోంది.

ఒక్కో వెర్షన్‌కి ఒక్కో ఇఫ్ పెట్టుకుంటూ పోతే ఇది ఎక్కడ ఆగుతుందో అర్థం కావట్లేదు. ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దారి చెప్పండి.

---

గోదారి_గట్టు

ఆక్సియోస్ అనే హెచ్‌టీటీపీ ప్యాకేజీ పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది. నోడ్‌లో అది మామూలుగా లోపల వాడేది పాత హెచ్‌టీటీపీ మాడ్యూల్‌నే కాబట్టి ఫెచ్ ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. మా దగ్గర ఒక సర్వర్ 14, ఇంకోటి 20, రెండింట్లోనూ ఒకే ఫైల్ నడుస్తోంది. రిక్వెస్ట్ ప్యాకేజీకి అలవాటు పడ్డవాళ్లకి తేలిగ్గా చేతికి వస్తుంది కూడా. ఒక్క జాగ్రత్త, దాంట్లో టైమౌట్ డిఫాల్ట్‌గా సున్నా, అంటే అసలు లేనట్టే, మీరే పెట్టుకోవాలి.

---

ఓరుగల్లు_బ్యాకెండ్

గోదారి_గట్టు గారు చెప్పింది పనికొచ్చే మాటే, దాని దగ్గరికి చివర్లో వస్తా. ముందు ఆ రెండు లైన్ల సంగతి. మీకు వచ్చిన తిప్పలన్నీ అక్కడి నుంచే, పైగా ఇది చాలా ప్రాజెక్టుల్లో కనిపిస్తోంది, అందుకే వివరంగా రాస్తున్నా.

'ఉంటే అది, లేకపోతే ఇది' అని రాయాలంటే ఆ రెండూ ఒకేలా పనిచేయాలి. గ్లోబల్ ఫెచ్, నోడ్-ఫెచ్ రెండూ పేరుకే ఒకటి. నోడ్-ఫెచ్ రెండో వెర్షన్‌లో 'టైమౌట్' అని ఒక ఆప్షన్ ఉంది, అది ఫెచ్ ప్రమాణంలో ఉన్నది కాదు, వాళ్లు సొంతంగా పెట్టుకున్నది. గ్లోబల్ ఫెచ్‌కి అదే ఆప్షన్ ఇస్తే ఎర్రర్ కూడా రాదు, చూడనట్టు వదిలేస్తుంది. ఇక మిగిలేది దాని సొంత పరిమితి, హెడర్ల కోసం 300 సెకన్లు. మీరు చూసిన ఐదు నిమిషాలు అవే.

'ఏజెంట్' కూడా అంతే. నోడ్-ఫెచ్‌కి ఏజెంట్ ఇస్తే ప్రాక్సీ, సర్టిఫికెట్ లాంటివి దాని ద్వారా వెళ్తాయి. గ్లోబల్ ఫెచ్ లోపల ఉన్నది ఉన్‌డీచీ అనే వేరే క్లయింట్, దానికి ఏజెంట్ తెలీదు, డిస్పాచర్ కావాలి. అక్కడా మాట్లాడకుండా వదిలేస్తుంది. ఈ మౌనమే నాకు అన్నిటికన్నా భయం. ఎర్రర్ వస్తే మనిషి సరిచేసుకుంటాడు, ఏమీ రాకపోతే ప్రాక్సీ గుండా వెళ్లాల్సిన ట్రాఫిక్ నేరుగా బయటికి పోతోందని ఎప్పటికి తెలుస్తుంది?

రెస్పాన్స్ బాడీ కూడా వేరు. నోడ్-ఫెచ్‌లో అది నోడ్ స్ట్రీమ్, పైప్ చేసుకోవచ్చు. గ్లోబల్‌లో అది వెబ్ స్ట్రీమ్, పైప్ అనే మెథడే ఉండదు. ఎర్రర్ చూసినా అంతే, నోడ్-ఫెచ్‌లో ఎర్రర్ కోడ్ నేరుగా ఎర్రర్ మీదే ఉంటుంది, గ్లోబల్‌లో 'ఫెచ్ ఫెయిల్డ్' అని ఒక ముక్క వచ్చి అసలు కారణం 'కాజ్' లోపల దాక్కుంటుంది. మీ లాగుల్లో ఉత్త 'ఫెచ్ ఫెయిల్డ్' అని పడి ఉంటే చేయాల్సింది కాజ్‌ని కూడా ప్రింట్ చేయడం. ఇక ఫామ్‌డేటా. ఆ పేరుతో ఉన్న ఎన్‌పీఎం ప్యాకేజీ ఒకటి, నోడ్ 18 నుంచి గ్లోబల్‌గా వచ్చింది ఇంకొకటి. ఆ ప్యాకేజీ వస్తువుని గ్లోబల్ ఫెచ్ గుర్తుపట్టదు, స్ట్రింగ్‌గా మార్చి పంపేస్తుంది, మీ సీఎస్‌వీకి జరిగింది అదే.

మీకు కావాల్సిన మూడు వెర్షన్లలో రెండింట్లో ఫెచ్ మామూలుగా లేదు. 16.15 నుంచి ఒక ఫ్లాగ్ పెడితే వస్తుంది, 18లో ఫ్లాగ్ లేకుండా వచ్చింది గానీ ప్రయోగాత్మకం అని హెచ్చరిక ఇచ్చేది, 21లో స్థిరం అన్నారు. 12లో ఎప్పటికీ రాదు. కాబట్టి నా సలహా, ఫెచ్‌ని పక్కన పెట్టండి. మూడింటిలోనూ ఉన్నది నోడ్‌తో పాటే వచ్చే హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ మాడ్యూళ్లు. వాటి మీద ఒక్క ఫైల్ రాయండి. మీ ప్యాకేజీలో మిగతా ఎక్కడా వాటి పేరు కనిపించకూడదు. ఆ ఫైల్ తీసుకునేది మెథడ్, యూఆర్ఎల్, హెడర్లు, బాడీ, గడువు. తిరిగి ఇచ్చేది స్టేటస్, హెడర్లు, బాడీ. ఎర్రర్లకి పేర్లు మీరే పెట్టుకోండి, గడువు దాటింది, కనెక్షన్ దొరకలేదు, జవాబు మధ్యలో తెగింది, ఈ మూడు మీకు చాలు. 404, 500 లాంటివి ఎర్రర్‌గా విసరాలా, స్టేటస్‌గా ఇవ్వాలా అన్నది ఒక్కసారి తేల్చుకుని దాని మీదే ఉండండి.

రాసేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. యూఆర్ఎల్, ఆప్షన్లు, కాల్‌బ్యాక్ మూడూ వరసగా ఇచ్చే పద్ధతి 10.9 నుంచి ఉంది, మీకు ఇబ్బంది లేదు. రిక్వైర్ చేసేటప్పుడు ముందు 'నోడ్:' అని పెట్టకండి, 12లో అది నడవదు. ప్రశ్న గుర్తు చుక్కతో ప్రాపర్టీ చదివే పద్ధతి కూడా 14 నుంచే, 12లో ఫైల్ లోడ్ అవ్వకుండానే సింటాక్స్ ఎర్రర్ పడుతుంది. మీరు 22లో కూర్చుని రాస్తారు కాబట్టి చెయ్యి దానంతటదే అటు పోతుంది, లింటర్‌లో పాత సింటాక్స్ సెట్ చేసుకోండి.

టైమౌట్ దగ్గర చాలామంది పొరబడతారు. రిక్వెస్ట్ ఆప్షన్లలో ఇచ్చే టైమౌట్ దేన్నీ ఆపదు. సాకెట్ అంతసేపు ఖాళీగా ఉంటే ఒక ఈవెంట్ ఇస్తుంది, అంతే, రిక్వెస్ట్‌ని డిస్ట్రాయ్ చేయాల్సింది మనమే. పైగా అది ఖాళీగా ఉన్న సమయం, మొత్తం సమయం కాదు. అవతలి సర్వర్ తొమ్మిది సెకన్లకి ఒక బైట్ చొప్పున పంపుతూ ఉంటే 10 సెకన్ల టైమౌట్ ఎప్పటికీ రాదు. మొత్తం గడువుకి విడిగా ఒక సెట్‌టైమౌట్ పెట్టి, పని అవ్వగానే దాన్ని క్లియర్ చేయండి.

జవాబు మధ్యలో తెగిపోతే పాత నోడ్‌లో రెస్పాన్స్ మీద 'అబార్టెడ్' ఈవెంట్ మాత్రమే వచ్చేది, కొత్తవాటిలో 'ఎర్రర్' కూడా వస్తుంది. రెండూ వినండి, ఏది ముందొస్తే దానితో ప్రామిస్ ముగించి రెండోదాన్ని వదిలేయండి. రిక్వెస్ట్ మీద వచ్చే 'ఎర్రర్' కూడా వినండి, అది వినకపోతే ఏ వెర్షన్‌లో అయినా ప్రాసెస్ మొత్తం పడిపోతుంది. ఇంకో సంగతి, క్యాచ్ లేని ప్రామిస్ రిజెక్షన్ 12లో ఉత్త హెచ్చరిక, 15 నుంచి ప్రాసెస్‌ని ఆపేస్తుంది. కేంద్రాల్లో ఏడాదిగా మౌనంగా ఉన్న తప్పు క్లౌడ్‌లో మొదటి రోజే బయటపడటం నేను చూశాను.

ఆక్సియోస్ గురించి. రీడైరెక్ట్‌లు, కుదించి వచ్చిన జవాబులు విప్పడం లాంటివి మీకు చాలా కావాలంటే అది తీసుకోండి, తప్పేం లేదు, హెచ్‌టీటీపీ మాడ్యూల్ ఆ రెండూ తనంతట తాను చేయదు. కానీ మీరు మాట్లాడేది మూడు నాలుగు తెలిసిన సర్వర్లతోనే. దానికి ఇంకో డిపెండెన్సీ ఎందుకు, రేపు అది 12ని వదిలేస్తే మళ్లీ ఇదే పోస్ట్ రాయాల్సి వస్తుంది. ఒకవేళ తీసుకున్నా ఆ ఒక్క ఫైల్ లోపలే ఉంచండి.

---

పాలకేంద్రం_డెవ్

ఓరుగల్లు అన్నా, చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని ఆ ఫైల్ రాశాను. టైమౌట్, అప్‌లోడ్ రెండూ మూడు వెర్షన్లలోనూ ఒకేలా పనిచేస్తున్నాయి. అప్‌లోడ్‌కి మల్టీపార్ట్ బాడీ చేత్తోనే కట్టాను, ఒక్క ఫైలే కాబట్టి పెద్ద పని అనిపించలేదు.

కానీ కొత్తది ఒకటి వచ్చింది. ఇంగ్లిష్‌లో టెస్ట్ మెసేజ్ పంపితే వెళ్తోంది. తెలుగులో పంపితే ఎస్ఎంఎస్ గేట్‌వే (మెసేజ్‌లు చేరవేసే సర్వీస్) 400 ఎర్రర్ ఇస్తోంది, జేసన్ సరిగ్గా లేదు అంటోంది. మూడు వెర్షన్లలోనూ ఇంతే. పాత రిక్వెస్ట్ ప్యాకేజీతో ఇదే మెసేజ్ వెళ్లేది. ఇంకా, గేట్‌వే నుంచి మా తెలుగు టెంప్లేట్ల జాబితా తెచ్చుకునే కాల్ ఉంది, అందులో అక్కడక్కడ ఒక అక్షరం బదులు నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు వస్తోంది. ప్రతిసారీ కాదు, పదిసార్లకి ఒకటి రెండుసార్లు, అదీ ప్రతిసారీ వేరే చోట. కంటెంట్-టైప్‌లో యూటీఎఫ్-8 అని పెట్టాను.

లోకల్‌హోస్ట్ సంగతి కూడా అలాగే ఉంది.

---

సీమ_కోడర్

తెలుగు మెసేజ్ తెగుతోందంటే కంటెంట్-లెంగ్త్ (బాడీ ఎంత పొడవో చెప్పే హెడర్) ఎలా లెక్కపెట్టారో ముందు చూడండి. స్ట్రింగ్ లెంగ్త్ ఇచ్చి ఉంటారని నా అనుమానం.

స్ట్రింగ్ లెంగ్త్ చెప్పేది యూటీఎఫ్-16 యూనిట్లు ఎన్ని అని. కంటెంట్-లెంగ్త్‌కి కావాల్సింది బైట్లు. ఇంగ్లిష్‌లో రెండూ ఒకటే కాబట్టి తప్పు బయటపడదు. మన తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు, ప్రతి పొల్లు యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు.

'మీ పాలు 6 లీటర్లు' తీసుకోండి. 'మీ' అంటే మ, గుడి దీర్ఘం, రెండు యూనిట్లు. 'పాలు'లో నాలుగు. 'లీటర్లు'లో ఏడు, పొల్లుతో కలిపి. మధ్యలో మూడు ఖాళీలు, ఒక అంకె. లెంగ్త్ అడిగితే 17 అంటుంది. బైట్లు చూస్తే తెలుగువి 13 గుర్తులు, మూడేసి చొప్పున 39, మిగతా నాలుగూ కలిపి 43. మీరు 17 అని హెడర్‌లో రాసి పంపారంటే అవతలి సర్వర్ 17 బైట్లు చదివి ఆపేస్తుంది. అంటే 'మీ పాల' దాకా వచ్చి, 'లు' కొమ్ములో మొదటి బైట్ దగ్గర తెగిపోతుంది. మిగిలిన 26 బైట్లనీ ఇంకో కొత్త రిక్వెస్ట్ అనుకుని చదవబోతుంది. మీరు జేసన్‌లో చుట్టి పంపుతున్నారు కాబట్టి మూసే బ్రాకెట్ అందదు, అందుకే జేసన్ సరిగ్గా లేదంటోంది. పాత రిక్వెస్ట్ ప్యాకేజీ ఈ లెక్క తనే చూసుకునేది.

బఫర్‌లో 'బైట్‌లెంగ్త్' అని ఒక ఫంక్షన్ ఉంది, అది వాడండి. ఇంకా నమ్మకంగా చేయాలంటే బాడీని ముందే బఫర్‌గా మార్చేసి దాని లెంగ్త్ తీసుకోండి, అప్పుడు రెండు రకాల లెక్కలు కలిసిపోయే వీలే ఉండదు.

రెండోది, నల్ల డైమండ్. డేటా ఈవెంట్‌లో వచ్చిన ముక్కని స్ట్రింగ్‌కి కలుపుతూ పోతున్నారు కదా? ముక్క అన్నది బఫర్, ప్లస్ పెట్టగానే అది అక్కడికక్కడే స్ట్రింగ్ అయిపోతుంది. నెట్‌వర్క్ ముక్కలు అక్షరాల సరిహద్దు చూసి తెగవు. 'ర' మధ్యలో తెగి రెండు బైట్లు ఈ ముక్కలో, ఒకటి తర్వాతి ముక్కలో వస్తే రెండూ పాడవుతాయి. మూడు బైట్ల అక్షరాలు కాబట్టి మనకి ఇది ఇంగ్లిష్ వాళ్లకన్నా చాలా ఎక్కువగా తగులుతుంది, వాళ్లు ఏళ్ల తరబడి ఇలా రాసినా తెలియదు. నెట్‌లో దొరికే ఉదాహరణల్లో చాలా వాటిలో ఇలాగే ఉంటుంది, అందుకే అందరి కోడ్‌లోకీ వచ్చేస్తోంది. ముక్కలన్నీ ఒక అర్రేలో వేసి చివర్లో బఫర్ కాంకాట్ చేసి ఒకేసారి స్ట్రింగ్ చేయండి. లేదా మొదట్లోనే రెస్పాన్స్ మీద సెట్‌ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టండి, సగం అక్షరం వస్తే మిగతా సగం వచ్చేదాకా అదే ఆగుతుంది. రెండూ 12లోనూ 22లోనూ ఉన్నాయి.

---

పాలకేంద్రం_డెవ్

సీమ_కోడర్ గారూ, మీరు అన్నదే. ఎలా జరిగిందో కూడా దొరికింది. ఎస్ఎంఎస్‌లో తెలుగు అయితే ఒక మెసేజ్‌కి 70 గుర్తులే, అంతకి మించితే ముక్కకి 67 చొప్పున విడగొట్టి లెక్కేస్తారు. ఎన్ని ముక్కలు అవుతాయో తెలుసుకోవడానికి పై ఫంక్షన్‌లో లెంగ్త్ అని ఒక వేరియబుల్ ఉంది. ఆ లెక్కకి స్ట్రింగ్ లెంగ్తే సరైనది. కొత్త ఫైల్ రాసేటప్పుడు బాడీకి కూడా అదే అలవాటున లెంగ్త్ తీసుకున్నాను. ఇప్పుడు బఫర్‌కి మార్చాను, వేరియబుల్ పేర్లు కూడా 'ఎస్ఎంఎస్ గుర్తులు', 'బాడీ బైట్లు' అని విడగొట్టాను. మెసేజ్ వెళ్లింది, నా ఫోన్‌కే పంపుకుని చూశాను, చివరి కొమ్ము దాకా ఉంది.

---

డల్లాస్_నైట్‌షిఫ్ట్

లోకల్‌హోస్ట్ మాట నేను చెప్తా, మా టీమ్‌లో ఇది ఒక శనివారం మొత్తం తినేసింది.

నోడ్ 16 దాకా ఒక పేరుకి ఐపీవీ4, ఐపీవీ6 రెండు అడ్రస్‌లూ ఉంటే ఐపీవీ4ని ముందుకి తెచ్చేది. 17 నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన వరసలోనే తీసుకుంటోంది. చాలా మెషీన్లలో లోకల్‌హోస్ట్‌కి ముందు వచ్చేది ::1. మీ తూకం సర్వీస్ 127.0.0.1 మీద మాత్రమే వింటూ ఉండి ఉంటుంది, అందుకే 18లో తలుపు తట్టిన చోట ఎవరూ లేరు. 20 నుంచి ఒక అడ్రస్ కుదరకపోతే రెండోది ప్రయత్నించడం డిఫాల్ట్ చేశారు, అందుకే మీ 22లో మళ్లీ నడుస్తోంది. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తప్పేమీ లేదు. లోకల్‌హోస్ట్ అని రాసిన చోట 127.0.0.1 అని రాయండి, ఏ వెర్షన్ అయినా ఒకటే అవుతుంది.

ఓరుగల్లు గారు చెప్పిన దానికి ఇది కూడా కలపాలి. కోడ్ ఒక్క అక్షరం మార్చకపోయినా, అదే హెచ్‌టీటీపీ మాడ్యూల్ వాడినా, కింద నడిచే తీరు వెర్షన్‌కి వెర్షన్‌కి మారింది. మీకు ఇంకో మూడు చోట్ల తగలొచ్చు.

ఒకటి కీప్-అలైవ్. 19 నుంచి గ్లోబల్ ఏజెంట్ డిఫాల్ట్‌గా కనెక్షన్‌ని తెరిచి ఉంచి మళ్లీ వాడుతుంది, 12లో, 16లో అలా కాదు. అవతలి సర్వర్ ఖాళీ కనెక్షన్‌ని సరిగ్గా మనం రాయబోయే క్షణంలో మూసేస్తే 'సాకెట్ హ్యాంగ్ అప్' అని వస్తుంది. క్లౌడ్‌లో అప్పుడప్పుడు వస్తుంది, ఆఫీసులో ఎప్పుడూ రాదు, మనిషికి పిచ్చెక్కుతుంది. నోడ్ డాక్యుమెంటేషన్‌లో దీనికి ఒక మార్గం ఉంది, రిక్వెస్ట్ మీద 'రీయూజ్డ్ సాకెట్' నిజమై, ఎర్రర్ కనెక్షన్ రీసెట్ అయితే మళ్లీ పంపు అని. లెక్కలు తెచ్చుకునే కాల్‌కి అది సరే. ఎస్ఎంఎస్ పంపే కాల్‌కి మాత్రం నేను ఒప్పుకోను. మొదటిది చేరిందో లేదో మనకి తెలియదు, మళ్లీ పంపితే రైతుకి ఒకే పూట రెండు మెసేజ్‌లు వెళ్తాయి, ఆయన రెండు సార్లు పాలు లెక్కేశారా అని కేంద్రానికి వచ్చి అడుగుతాడు. మీ ట్రాఫిక్ తక్కువే కాబట్టి మీ సొంత ఏజెంట్ ఒకటి చేసి కీప్-అలైవ్ ఆఫ్ అని స్పష్టంగా రాయండి, 12 నుంచి 22 దాకా ఒకే ప్రవర్తన. ప్రతిసారీ కొత్తగా టీఎల్ఎస్ (భద్రమైన కనెక్షన్) హ్యాండ్‌షేక్ అవుతుంది, కాస్త నెమ్మది, ఫరవాలేదు.

రెండోది టీఎల్ఎస్. 17 నుంచి నోడ్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ 3. పాత కాలపు సర్వర్లతో మాట్లాడితే 'అన్‌సేఫ్ లెగసీ రీనెగోషియేషన్' అని తలుపు మూసేస్తుంది, 16లో అదే సర్వర్ పలుకుతుంది. అవతలివాళ్లు సరిచేసేదాకా ఆ ఒక్క సర్వర్‌కి వేరే హెచ్‌టీటీపీఎస్ ఏజెంట్ చేసి, సెక్యూర్ ఆప్షన్స్‌లో లెగసీ సర్వర్ కనెక్ట్ అనే కాన్‌స్టంట్ ఇవ్వండి. చాలా పోస్టుల్లో సర్టిఫికెట్ చూడటమే ఆపేయమని ఉంటుంది. దయచేసి అది చేయకండి, రైతుల ఫోన్ నంబర్లు, డబ్బు లెక్కలు వెళ్లే దారి అది.

మూడోది మీ విండోస్ 7 మెషీన్ల గురించి, అక్కడే మీకు ముందుగా దెబ్బ తగలొచ్చు. నోడ్ రూట్ సర్టిఫికెట్లని తనతోపాటే తెచ్చుకుంటుంది, మామూలుగా విండోస్ దగ్గర ఉన్నవి చూడదు. 12కి 2022 ఏప్రిల్‌లో సపోర్ట్ ముగిసింది, అంటే దాని లోపలి జాబితా అక్కడే ఆగిపోయింది. గేట్‌వే వాళ్లు రేపు కొత్త రూట్ కిందికి మారితే బ్రౌజర్‌లో బాగానే తెరుచుకుని మీ ప్రోగ్రామ్‌లో మాత్రం 'లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్ దొరకలేదు' అంటుంది. నోడ్ ఎక్స్‌ట్రా సీఏ సర్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి ఆ రూట్ ఉన్న పీఈఎం ఫైల్ దారి ఇస్తే చాలు. ఆ ఫైల్ పెట్టే చోటు ఇన్‌స్టాలర్‌లో ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి, అప్పుడు కేంద్రం కేంద్రానికి తిరగక్కర్లేదు.

---

గోదారి_గట్టు

డల్లాస్ గారూ, కీప్-అలైవ్ విషయం నాకు తెలీదు. మా 20 సర్వర్‌లో వారానికి ఒకసారి హ్యాంగ్ అప్ వస్తోంది, అవతలివాళ్ల నెట్ అనుకుని వదిలేశాం, ఇవాళే చూస్తాను. ఆక్సియోస్ ఉన్నా అడుగున హెచ్‌టీటీపీ మాడ్యూలే కాబట్టి అదే తగులుతుందన్నమాట. ఏజెంట్ దాంట్లోనూ ఇవ్వొచ్చు, ఇస్తాను.

పాలకేంద్రం గారూ, టెస్టులు ఎలా పెట్టుకున్నారు? మూడు వెర్షన్లలో ఎవరు చేత్తో నడుపుతారు?

---

పాలకేంద్రం_డెవ్

టెస్టులు ఈ వారమే పెట్టాను. నోడ్‌తో వచ్చే టెస్ట్ రన్నర్ 12లో లేదు కాబట్టి అది వాడలేదు, మామూలు అసర్ట్‌తో ఒక స్క్రిప్ట్. అదే ఒక చిన్న సర్వర్‌ని 127.0.0.1 మీద లేపుతుంది, ఆ సర్వర్ కావాలని తప్పులు చేస్తుంది. ఒక యూఆర్ఎల్‌కి జవాబే ఇవ్వదు. ఇంకోదానికి తొమ్మిది సెకన్లకి ఒక బైట్ పంపుతుంది, అది ఓరుగల్లు అన్న మాట నుంచి తీసుకున్నదే. ఇంకోదానికి సగం జవాబు పంపి సాకెట్ తెంపేస్తుంది. నాకు ముఖ్యమైంది మాత్రం నాలుగోది. 'రైతు' అనే మాటని 12 బైట్లుగా చేసి, మొదట రెండు బైట్లు, కాసేపు ఆగి మిగతా పది పంపుతుంది. మొదటి 'ర'నే మధ్యలో కోస్తుందన్నమాట. పాత కోడ్‌ని దాని మీద నడిపితే మూడు వెర్షన్లలోనూ ప్రతిసారీ డైమండ్ వచ్చింది, పదిసార్లకి ఒకసారి వచ్చేదాన్ని పట్టుకోలేక అంత టైమ్ పోయింది. కొత్త కోడ్‌లో రాలేదు.

డాకర్‌లో 12, 16, 18, 22 నాలుగు ఇమేజ్‌లు, కోడ్ పుష్ చేయగానే నాలుగింటిలోనూ ఆ స్క్రిప్ట్ నడుస్తుంది. 18 మాకు సర్వర్‌లో ఎక్కడా లేకపోయినా లోకల్‌హోస్ట్ సంగతి చూశాక ఉంచాను. విండోస్ 7 మాత్రం డాకర్‌లో కుదరదు కాబట్టి ఆఫీసులో ఉన్న పాత కంప్యూటర్ మీద విడుదలకి ముందు ఒకసారి చేత్తో నడుపుతాను.

కీప్-అలైవ్ ఆఫ్ చేశాను. ఎస్ఎంఎస్ కాల్‌కి ఆటోమేటిక్‌గా మళ్లీ పంపడం తీసేశాను, దాని బదులు గడువు దాటితే 'తెలియదు' అని రాసి పెట్టి, అరగంట తర్వాత గేట్‌వేని ఆ మెసేజ్ స్థితి ఏంటని అడుగుతుంది, వెళ్లలేదని చెబితేనే మళ్లీ పంపుతుంది. సర్టిఫికెట్ ఫైల్‌కి ఇన్‌స్టాలర్‌లో చోటు పెట్టాను, ప్రస్తుతానికి ఖాళీగా ఉంది.

ఇవాళ పొద్దున ఐదున్నరకి ఒక కేంద్రంలో పెట్టి చూశాం. 112 మంది పాలు పోశారు, 112 మెసేజ్‌లు వెళ్లాయి, రెండు 'తెలియదు'లో పడి తర్వాత వెళ్లినట్టు తేలాయి. సోమవారం నుంచి మిగతా కేంద్రాల్లో పెడుతున్నాం. ఆ ఫైల్‌లో క్లయింట్ వివరాలేమీ లేవు, మా మేనేజర్ గారు సరే అన్నారు, ఆదివారం టెస్ట్ సర్వర్‌తో కలిపి ఇక్కడే పెడతాను.